రొమ్ము తీసేశాక వెన్నులోకి ఎలా వచ్చింది?

"రొమ్మే తీసేశారు కదా సార్, మళ్లీ వెన్నులోకి ఎట్లా వచ్చింది?" నడుం నొప్పితో వచ్చిన తల్లి స్కాన్ రిపోర్టు చేతపట్టుకుని కూతురు అడిగింది. ఆపరేషనై ఆరేళ్లు దాటింది. తల్లి మాత్రం తలొంచుకుని, "తినకూడనిదేం తిన్నానో" అని గొణిగింది. అదే దశలో వచ్చి అవే మందులు వాడిన మరొకామె ఏటా పరీక్షకు హాయిగా వచ్చి వెళ్తోంది.

"తిండి వల్ల రాలేదమ్మా" అని ముందు తల్లికే చెప్పాను. ఆపరేషన్‌కు ముందే కొన్ని కణాలు రక్తంలోకి జారి, ఎముకలో ఏళ్ల తరబడి అణగి ఉండగలవు. ఏ కణానికి అలా పాకి నిలిచే శక్తి వస్తుందన్నదే అసలు చిక్కు.

ఆ చిక్కుకు కొంత జవాబు మన డీఎన్‌ఏలోనే వెతుకుతున్నారు. అందులో ప్రొటీన్ల తయారీకి సూచనలిచ్చే భాగం 2 శాతం కూడా ఉండదు. మిగతాదాన్ని ఒకప్పుడు చెత్త అన్నారు. అందులోంచి పుట్టే ఎన్నో ఆర్‌ఎన్‌ఏలు ప్రొటీన్‌గా మారకుండానే ఏ జన్యువు పనిచేయాలో, ఏది ఆగాలో శాసిస్తాయి. పాకే గుణం లేని రొమ్ము క్యాన్సర్ కణాల్లో మిర్-10బి అనే చిన్న ఆర్‌ఎన్‌ఏను పెంచితే, ఎలుకల్లో అవి పాకాయని 2007లో శాస్త్రవేత్త వైన్‌బర్గ్ బృందం చూపింది. మరుసటి ఏడు మరో శాస్త్రవేత్త మసాగే బృందం మిర్-335, మిర్-126 అనే చిన్న ఆర్‌ఎన్‌ఏలు అలా పాకడానికి కళ్లెం వేస్తాయని తేల్చింది. 2010లో హాటెయిర్ అనే పొడవాటి ఆర్‌ఎన్‌ఏ వంతు. తొలి గడ్డలో అది ఎక్కువగా ఉన్నవారిలో జబ్బు పాకడం, మరణం ఎక్కువని కనిపించింది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మాలాట్-1 అనే మరో పొడవాటి ఆర్‌ఎన్‌ఏ. దాన్ని తగ్గిస్తే ఎలుకల్లో ఊపిరితిత్తులకు పాకడం తగ్గిందని 2016లో ఒక బృందం రాసింది. 2018లో మరో బృందం దాని జన్యువును మరో పద్ధతిలో పనిచేయకుండా చేస్తే, పాకడం పెరిగింది! తిరిగి మాలాట్-1ను చేర్చితే తగ్గింది. ఒకే అణువు ఒకచోట దోషి, ఇంకోచోట రక్షకుడు. అందుకే "ఆర్‌ఎన్‌ఏను ఆపే మందు వచ్చేసిందట కదా" అని వచ్చేవారికి తొందరపడొద్దంటాను. ఏది ఆపాలో తేలకుండా ఆపితే కీడే జరగవచ్చు. ఈ ఆర్‌ఎన్‌ఏలను కొలిచి రొమ్ము క్యాన్సర్ చికిత్స నిర్ణయించే పద్ధతి మా ఓపీలోకి ఇంకా రాలేదు.

అంతవరకు మీ చేతిలో ఉన్నవి వదలకండి. హార్మోను మాత్రలు రాసిస్తే చెప్పినన్నేళ్లూ వేసుకోండి. రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గినవారికి వారాల తరబడి ఎముక నొప్పి ఉంటే, వయసు నొప్పని సర్దుకోకుండా డాక్టరుకు చూపించండి.