ఖాళీ డబ్బా

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఎవరైనా డబ్బాలో ఏమైనా పంపిస్తే ఆ డబ్బాను ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు. ఏమీ లేకపోతే గుప్పెడు చక్కెరైనా పోసి ఇవ్వాలి. అట్లా మా ఇంటికీ నా దోస్తు ఇంటికీ మధ్య ఒక స్టీలు డబ్బా ఏటా తిరిగేది. డిసెంబర్ 25న వాళ్ళింటి నుంచి గరిజెలతో వచ్చేది. సంక్రాంతికి మా ఇంటి నుంచి సకినాలతో పోయేది. మూత మీద వాళ్ళ నానమ్మ పేరు చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉంటుంది.

ఊరు పరిగి. వికారాబాద్ జిల్లా. గరిజెలంటే తెలియని వాళ్ళ కోసం: ఆంధ్రా వైపు కజ్జికాయలు అంటారే, అవే. లోపల పుట్నాల పొడి, ఎండు కొబ్బరి, చక్కెర. అంచుకు జడ అల్లినట్టు మడతలు పెడుతుంది వాళ్ళ అమ్మ. ఆ మడతలు ఇప్పటికీ నాకు కళ్ళ ముందే ఉన్నాయి. రుచి మాత్రం చాలా ఏళ్ళు తెలియదు.

ఎందుకంటే మా ఇంట్లో ఎవరూ తినేవాళ్ళు కాదు. నానమ్మ డబ్బా తీసుకునేది, "పండుగ మంచిగయిందా బిడ్డా?" అని నవ్వుతూ అడిగేది, పక్కన పెట్టేది. తినమంటే "ఇయ్యాల నాకు ఒక్కపొద్దు" అనేది. క్రిస్మస్ ఏ వారం వచ్చినా ఆమెకు ఆ రోజు ఒక్కపొద్దే! నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు ఒక సాయంత్రం పెరట్లోకి వెళ్తే, నానమ్మ బర్రె కుడితి గోలెంలో గరిజెలు వేస్తున్నది. ఒక్కొక్కటి తుంచి మరీ వేస్తున్నది. నన్ను చూసి, "బర్రె కూడా తినాలె కదరా" అన్నది.

మరునాడు వాడు అడిగాడు, "గరిజెలు ఎట్లున్నయ్ రా?" అని. "మస్తున్నయ్" అన్నాను. ఆ తర్వాత ప్రతి ఏడూ అదే ప్రశ్న, అదే జవాబు. దాని పేరు కులం అని నాకు అప్పుడు తెలియదు. తెలిసిన తర్వాత కూడా జవాబు మార్చలేదు. అది ఇంకా పెద్ద తప్పు.

పోయిన డిసెంబర్‌లో ఇంటికి వెళ్ళాను. సండే స్కూల్ పిల్లలకు పంచడానికి నక్షత్రాల షుగర్ కుకీలు చేయాలని వాడు పట్టుబట్టాడు. ఫోన్‌లో ఎక్కడో చదివాడట. ఈ కుకీల కథ అమెరికాలో, పెన్సిల్వేనియాలోని నజరెత్ అనే ఊరికి పోతుంది, 1700ల్లో అక్కడ స్థిరపడిన మొరేవియన్ క్రైస్తవులు చేసేవాళ్ళట. "మా యేసు ఊరి పేరే రా!" అని వాడికి ఒకటే సంబరం. కానీ వాళ్ళ వంటింట్లో పొద్దటి నుంచి గరిజెల మూకుడు దిగడం లేదు. "మీ ఇంట్ల చేద్దామా?" అన్నాడు.

నేను ఒక్క సెకను ఆగాను. పదిహేనేళ్ళ దోస్తానాలో వాడు మా అరుగు దాటి లోపలికి రాలేదు. ఎవరూ రావద్దని అనలేదు. రమ్మని కూడా అనలేదు. ఆ సెకను వాడు గమనించాడు. "రా" అన్నాను.

అమ్మ నానమ్మ గది వైపు ఒకసారి చూసి, "చేసుకోండ్రి. గ్యాస్ జాగ్రత్త" అన్నది.

పావు కిలో మైదా, దాంట్లో సగం వెన్న, వంద గ్రాముల చక్కెర పొడి, కొంచెం పాలు, వెనీలా ఎసెన్స్. గుడ్డు వేయలేదు, నానమ్మకు ఇంకో సాకు దొరకొద్దని. ఓవెన్ లేదు కాబట్టి కుక్కర్. గ్యాస్‌కెట్, విజిల్ తీసేసి, అడుగున ఉప్పు పోసి, స్టాండ్ పెట్టి, పది నిమిషాలు వేడి చేశాం. నక్షత్రాలను పెళ్ళి పత్రిక అట్టతో కొలత పెట్టుకుని కత్తితో కోశాం.

మొదటి వాయిలో నక్షత్రాలు లేవు. అన్నీ కరిగి, ఒకదానికొకటి అంటుకుని ఊతప్పం అయ్యాయి. ఇంజనీరింగ్ బుర్ర అప్పుడు పనిచేసింది. వెన్న 32 నుంచి 35 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. మా చేతుల వేడికే పిండి సగం మెత్తబడింది. మైదా గట్టిపడే లోపే వెన్న పారిపోతే ఆకారం ఎక్కడ నిలుస్తుంది? అమ్మ ఇదేమీ చెప్పలేదు. "బండ మీద పెట్టుండ్రి, సల్లగుంటది" అన్నది. మా వంటింటి గట్టు తాండూరు బండ. డిసెంబర్ చలికి మంచులా ఉంది. పిండిని దాని మీదే వత్తి, అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీశాం.

రెండో వాయి కుక్కర్‌లో పెట్టి ఇద్దరం కింద కూర్చున్నాం. వాడు అలవాటుగా అన్నాడు, "రేపు గరిజెలు తెస్త. ఈసారి కొబ్బరి ఎక్కువేసింది అమ్మ."

నేను చెప్పేశాను. గోలెం సంగతి, అబద్ధం సంగతి, అన్నీ.

వాడు నేల వైపు చూస్తూ విన్నాడు. "తెలుసు రా" అన్నాడు. "మీ ఇంట్ల గిన్నెలు తోమే ఆమె మా వాడకట్టే కదా. ఐదో తరగతి నుంచి మీ సకినాలు నేను ముట్టలే. అమ్మ మాత్రం తింటది. పండుగకు పంపకుండ ఎట్లుంటం అంటది."

ఏం అనాలో నాకు తోచలేదు. సారీ అన్నాను. చాలా చిన్న మాటలా వినిపించింది. వాడు ముక్కు ఎగబీల్చి, "మాడుతుంది చూడు ముందు" అన్నాడు. నిజంగానే రెండో వాయి అడుగు మాడింది.

మూడో వాయి కుదిరింది. చక్కెర పొడిలో చుక్క చుక్క పాలు కలిపి, పాల కవర్‌ను మెహందీ కోన్ లాగా చుట్టి, నక్షత్రాల మీద గీతలు గీస్తున్నాం. నానమ్మ గుమ్మం దగ్గరకు వచ్చి నిలబడింది. ఎంతసేపటి నుంచి ఉన్నదో తెలియదు.

"అట్ల గాదు. ముగ్గేసినట్టు ఎయ్యాలె. చెయ్యి మధ్యల ఆగితే గీత లావైతది" అన్నది.

"నువ్వొకటి ఎయ్యి నానమ్మా" అన్నాడు వాడు.

"నా చెయ్యి వణుకుతది బిడ్డా."

కానీ పోలేదు. కాసేపటికి, "ఆ విరిగింది ఇటియ్యి" అన్నది. వాడే ఇచ్చాడు. కొంగులో పెట్టుకుని తన గదిలోకి పోయింది. తిన్నదో లేదో నేను వెళ్ళి చూడలేదు. ఆ రోజు ఒక్కపొద్దు అని మాత్రం అనలేదు. బర్రెలను అమ్మేసి నాలుగేళ్ళయింది, గోలెం ఎండిపోయి ఉంది.

మరునాడు డబ్బా వచ్చింది. వాడు అరుగు మీద ఉండగానే మూత తీసి ఒక గరిజె తిన్నాను. కొబ్బరి నిజంగానే ఎక్కువైంది. అదే చెప్పాను. వాడు నవ్వాడు. నేను మొదటిసారి నిజం చెప్పిన గరిజె అది.

సంక్రాంతికి డబ్బా తిరిగి పోవాలి. ఈసారి నేనే సకినాలు చుట్టడం నేర్చుకుంటున్నాను. బియ్యప్పిండి బట్ట మీద గుండ్రంగా తిప్పడం కుకీలకంటే కష్టం, ఇంకా వంకరగానే వస్తున్నాయి. నేనే పట్టుకుని పోతాను. వాడు తింటాడో లేదో తెలియదు. తినకపోతే అడగను.