మచ్చా? మర్జా?

ఐదేళ్ల కింద ఆపాకు ఎడమ రొమ్ములో క్యాన్సర్ గడ్డ తీశారు. రేడియేషన్ కూడా అయింది. మొన్న రంజాన్ తర్వాత తీసిన మామోగ్రామ్‌లో ఆ కుట్ల దగ్గరే కండ లోపలికి గుంజుకుపోయినట్టు కనబడింది. అది మానిన గాయం మచ్చా, మళ్లీ లేచిన మర్జా? అల్ట్రాసౌండ్‌లోనూ సాఫ్‌గా తేలలేదు. సూదితో ముక్క తీద్దామన్నా ఎక్కడ గుచ్చాలో ఖరారు కావాలి కదా. కాంట్రాస్ట్ ఎమ్మారై చేయించమన్నారు.

మా ఇంట్లో రొమ్ము అనే మాట ఎవరూ పైకి అనరు. అమ్మీ అయితే "ఉస్ జగా" అంటది. హయా మంచిదే గానీ డాక్టర్ ముందు కూడా "ఆ జాగా" అంటే ఎట్లా! ఆపాకు మిషన్ కన్నా ముందు ఒకటే ఫిక్ర్: "లోపల ఆడమనిషి ఉంటదా?" ఫోన్ చేసి అడిగితే ఉంటదన్నారు. అడగడానికి షరమ్ ఎందుకు?

ముందు గుర్దాలు ఎట్లున్నాయో చూడ్డానికి రక్తపరీక్ష చేశారు. ఎక్కించే గాడోలినియం మందు వాటి గుండానే బయటికి పోతుంది. ముక్కుపుల్ల, బుర్ఖా పిన్నులు తీయించారు. తావీజు వెండి డబ్బీలో ఉంది, అదీ తీయాల్సిందే. అమ్మీ దాన్ని పిడికిట్లో పట్టుకుని బయట దువా చేస్తూ కూర్చుంది.

లోపల బోర్లా పడుకోవాలి. మొదట మందు లేకుండా ఫొటోలు, తర్వాత నరంలోకి మందు పంపి కొన్ని నిమిషాల పాటు మళ్లీ మళ్లీ ఫొటోలు. కిటుకంతా ఈ మళ్లీ మళ్లీలోనే. క్యాన్సర్ తన ఖురాక్ కోసం కొత్త నెత్తురు నాళాలు మొలిపించుకుంటుంది. వాటి గోడలు కచ్చా. మందు జల్దీగా దూరుతుంది, చాలాసార్లు అంతే జల్దీగా జారిపోతుంది. ఏళ్లు గడిచిన మచ్చలో నెత్తురు తక్కువ, అది సాధారణంగా మెరవదు. మామోగ్రామ్ ఆకారం చూస్తే, ఇది నెత్తురు నడక కూడా చూస్తుంది.

రిపోర్టులో ఎడమవైపు మచ్చ మెరవలేదు. అమ్మీ అల్‌హమ్దులిల్లాహ్ అనేలోగా కింద ఇంకో లైను: కుడివైపు చిన్న చుక్క మెరిసింది.

"ఒక షక్ తీర్చమని పోతే ఇంకో షక్ చేతిలో పెట్టిన్రు" అంది ఆపా. ఆమె మాట గలత్ కాదు. ఈ టెస్టు నజర్ అంత తేజ్, క్యాన్సర్ కానివి కూడా మెరుస్తాయి. మెరిసినదేమిటో ఖరారు చేసేది సూదే. అందుకే భయం వేసిన ప్రతివాళ్లూ దీనికి పరుగెత్తనక్కర్లేదు, మిగతా రెండూ తేల్చలేని చోట దీని పని.

కుడివైపు మళ్లీ అల్ట్రాసౌండ్ చేశారు. ఈసారి ఎక్కడ వెతకాలో తెలుసు గనక చుక్క దొరికింది. ముక్క తీసి ల్యాబుకు పంపారు. రిపోర్టు వచ్చేదాకా ఆపా ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు, పిల్లల మీద మాత్రం ఊరికే గుస్సా అయింది.

ఫైబ్రోఅడినోమా అని వచ్చింది. క్యాన్సర్ కాని గడ్డ. ఎడమవైపు ఆరు నెలలకు మళ్లీ చూస్తామన్నారు. ఆపా క్యాలెండర్‌లో తారీఖు రాసుకుంది, పక్కనే ఆడ టెక్నీషియన్ ఏయే రోజుల్లో వస్తుందో కూడా.