చల్లపల్లి లెక్క

చార్టర్డ్ అకౌంటెన్సీ చదివిన వాళ్ళలో చాలామందికి మా ఊరి పేరు తెలుసు. ఊరు తెలియదు, పేరే తెలుసు. చల్లపల్లి షుగర్స్ అని ఒక కేసుంది. పక్కనే లక్ష్మీపురంలో ఉన్న చక్కెర ఫ్యాక్టరీ అప్పట్లో వాళ్ళది. యంత్రాల కోసం అప్పు తెచ్చారు, ఉత్పత్తి మొదలవకముందే దానిమీద వడ్డీ పడింది. ఆ వడ్డీ మామూలు ఖర్చా, యంత్రం ఖరీదులో భాగమా అన్నది తగువు. 1970లలో సుప్రీంకోర్టు ఖరీదులో భాగమేనని తేల్చింది. హైదరాబాదు కోచింగ్ క్లాసులో మేష్టారు ఈ కేసు చెప్పినప్పుడు "మా ఊరేనండీ" అన్నాను. ఇక ఆ బ్యాచ్ ఉన్నన్నాళ్ళూ నా పేరు చల్లపల్లి షుగర్స్.

ఆర్నెల్లుగా మా ఇంట్లో నడుస్తున్న తగువూ చల్లపల్లి గురించే. హైదరాబాదు వదిలి అక్కడికి వెళ్ళిపోవాలా, వద్దా అని.

మేం ఉండేది నిజాంపేటలో. రెండు పడగ్గదుల ఇల్లు, అద్దె, మెయింటెనెన్సు కలిపి 27,500. నేనొక ఆడిట్ ఆఫీసులో చేస్తాను, జీతం 62,000. మా ఆయన సాఫ్ట్‌వేరు. నెలకోసారి ఆఫీసులో మొహం చూపిస్తే సరిపోయే ఉద్యోగం, ఎక్కడున్నా జీతం మారదు. అమ్మాయి ఎనిమిదో తరగతి. చల్లపల్లిలో అమ్మా నాన్నా ఇద్దరే ఉంటారు. నాన్నకి డెబ్భై ఆరు. తమ్ముడు డాలస్‌లో. మేడమీద పోర్షన్‌లో అద్దెకు ఒక టీచరుగారి కుటుంబం ఉంటోంది.

"ఖర్చు తగ్గుతుంది, పిల్లకి అమ్మమ్మా తాతయ్యా దగ్గరుంటారు" అని అందరూ అనేస్తారు. అంత తేలికైతే మా పెద్దమ్మ కొడుకు ఎప్పుడో చేసి ఉండేవాడు. అన్నయ్యది సచివాలయంలో ఉద్యోగం. రాష్ట్రం విడిపోయాక 2016లో ఆఫీసులు వెలగపూడికి కదిలినప్పుడు వెళ్ళాడు. ఉద్యోగుల్ని రప్పించడానికి ప్రభుత్వం వారానికి అయిదు రోజుల పని పెట్టింది, ఇంటద్దె భత్యం పెంచింది, వసతి చూపించింది. ఇవన్నీ అన్నయ్య మళ్ళీ హైదరాబాదు రావడానికే పనికొచ్చాయి. శుక్రవారం సాయంత్రం రైలెక్కడం, సోమవారం తెల్లారగట్ల దిగడం. వదిన ఉద్యోగం హైదరాబాదులో, పిల్లల చదువు హైదరాబాదులో. వచ్చే ఏడు చూద్దాం అనుకుంటూ ఉండగానే 2019 చివర్లో మూడు రాజధానుల మాట వచ్చింది, ఆ ప్రస్తావనే మూలపడింది. ఇప్పుడు పిల్లలిద్దరి చదువులూ అయిపోయాయి. అన్నయ్య బ్యాగు ఇప్పటికీ గుమ్మం పక్కనే ఉంటుంది.

మధ్యేమార్గంగా బెజవాడ చూశాం. అక్కడైతే నాకు ఆఫీసులు దొరుకుతాయి, నాన్నని చూడటానికి రెండు గంటల బస్సు. రెండు ఆదివారాలు పటమట, పోరంకి తిరిగాం. రాజధాని అన్నప్పటి నుంచి అద్దెలు మరీ చవకగా ఏం లేవు. మాకు నచ్చినవి నిజాంపేటకంటే నాలుగైదు వేలు తక్కువ, అంతే. అజిత్‌సింగ్ నగర్‌లో ఇంకా తక్కువకి వస్తాయన్నారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి ఆ వీధుల్లో పడవలు తిరగడం టీవీలో చూశాక మా ఆయన ఆ పేరే ఎత్తనివ్వలేదు. పైగా బెజవాడ చుట్టూ ఎటు చూసినా రెసిడెన్షియల్ ఇంటర్ కాలేజీలు. హైదరాబాదు నుంచి పిల్లల్ని తెచ్చి అక్కడ వదిలి వెళ్తున్నవాళ్ళ కార్లు, వాటి వెనక సీట్లలో పరుపులు. ఆ వాతావరణంలోకి సంసారం మార్చి పొదుపు చేసేదేమిటో నాకు అర్థం కాలేదు. బెజవాడ కొట్టేశాం.

ఇక చల్లపల్లి. మా ఊరికి రైలు లేదు. రాజావారి కోట ఉంది, బందరుకీ బెజవాడకీ అవనిగడ్డకీ బస్సులున్నాయి. కూచిపూడి దగ్గర్లోనే ఉంది కాబట్టి "పాపకి డాన్స్ నేర్పిస్తారన్నమాట" అని ప్రతివాళ్ళూ అడిగారు. మా పిల్లకి నాట్యం పడదు, బ్యాడ్మింటన్ కావాలి. ఊరిమీద నాకున్న నమ్మకానికి ఒక కారణం నాన్న. డాక్టర్ డి.ఆర్.కె. ప్రసాద్ గారు, డాక్టర్ పద్మావతి గారు 2014లో స్వచ్ఛ చల్లపల్లి మొదలుపెట్టాక రోజూ తెల్లవారుజామున చీపుర్లు, పారలు పట్టుకుని రోడ్లమీదికొచ్చే గుంపు ఒకటి తయారైంది. మోకాళ్ళు సహకరించినన్నాళ్ళు నాన్న కూడా వెళ్ళారు. నా చిన్నప్పుడు ముక్కు మూసుకుని నడిచిన రోడ్డు పక్కన ఇప్పుడు పూలమొక్కలున్నాయి. దీన్ని ఏ గడిలో వెయ్యాలో తెలియక లెక్కలోంచి వదిలేశాను.

ఆ లెక్క ఇది. మిగిలేవి: అద్దె 27,500, పిల్ల బడి ఫీజు, బస్సు తేడా నెలకి 12,000, నీళ్ళ ట్యాంకరు, క్యాబులు, పాలూ కూరలూ కలిపి ఓ 6,000. మొత్తం 45,500. కొత్తగా పడేవి: కరెంటు పోతే ఆయన పని ఆగకుండా ఇన్వర్టరు, రెండో ఇంటర్నెట్ లైను, హైదరాబాదు ప్రయాణాలు, 7,000. అంటే 38,500 లాభం. ఇక్కడిదాకా చూసి మా ఆయన భోజనానికి లేచారు. కూర్చోమన్నాను. మా ఆఫీసువాళ్ళు ఇంటి నుంచి జీఎస్టీ రిటర్నుల పని ఇస్తామన్నారు, నెలకి 25,000. నా జీతంలో 37,000 పోతుంది.

మిగిలింది పదిహేను వందలు.

సొంతూరు చవక అంటారు గానీ, ఆ చవకలో ఎవరి సంపాదన పోతుందో, ఎవరు వండి పెడితే అంత చవకవుతుందో ఎవరూ గడి గీసి చూపించరు. మా కాగితం మీద ఆ చవక అంతా నా జీతం నుంచే వచ్చింది. అయినా నాకు ఏడుపు రాలేదు, ఒకరకంగా ఊపిరాడింది. లాభం కోసం వెళ్తున్నాం అని గానీ, నష్టమని ఆగిపోయాం అని గానీ ఇక చెప్పుకోలేం. అక్కడ బతకాలని ఉందా లేదా అన్నదొక్కటే మిగిలింది. దానికి జవాబు చెప్పడానికి మా ముగ్గురికీ చాలా రోజులు పట్టింది.

వాయిదా వేద్దామంటే గడువుంది. డాక్టరు సీట్లలో ఎక్కువ భాగం స్థానికులకే. తెలంగాణలో 2024లో మార్చిన నియమాల ప్రకారం తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్ళూ అక్కడే చదివినవాళ్ళు స్థానికులు. ఆంధ్రాలోనూ నాలుగేళ్ళ చదువే లెక్క. అంటే ఈ జూన్‌లో ఏ బడిలో చేరిస్తే పిల్ల ఆ రాష్ట్రానిది. ఏడాది ఆగితే మధ్యలో వేలాడుతుంది. మా అత్తగారిది మిర్యాలగూడ. ఫోన్లో "ఇన్నేండ్లు ఈడ చదివిచ్చి పిల్లను నాన్‌లోకల్ జేస్తరా?" అన్నారు. నాకు కోపం రాలేదు. ఆవిడ మనవరాలు ఆవిడకి లోకల్ కాకుండా పోవడం చిన్న విషయమేం కాదు. పిల్లనడిగితే డాక్టరు చదువు సంగతి తనకింకా తెలియదంది. తలుపున్న సొంత గది ఇస్తే వస్తానంది. నిజాంపేటలో హాల్లో చదువుకుంటుంది పాపం.

అసలు చిక్కు మా ఆయన దగ్గర వచ్చింది. అత్తారింట్లో కాపురం అంటే మన భాషలో దానికో పేరుంది, ఇల్లరికం. ఆయన ఆ మాట నవ్వుతూనే అన్నారు, కానీ నాలుగుసార్లు అన్నారు. ఆడపిల్ల అత్తగారి ఊరు వెళ్ళి ఉంటే దానికి వేరే పేరేమీ లేదు, కాపురం అనే అంటారు. ఈ మాట నేనూ ఒక్కసారే అన్నాను. వారం తరవాత ఆయనే నాన్నకి ఫోన్ చేశారు. "మావయ్యగారూ, వస్తాం. కానీ అద్దె కడతాను" అన్నారు. టీచరుగారు ఇచ్చేది 6,000. అదే ఇస్తానన్నారు. నా పదిహేను వందలు అక్కడే మైనస్ 4,500 అయింది. అది కూడా యంత్రం ఖరీదులో కలిపేసుకోమని నాకు సలహా ఒకటి.

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తరవాత నన్ను పిలిపించారు. "నాకోసమని మాత్రం రాకండమ్మా. మేం బాగానే ఉన్నాం" అన్నారు. మీ కోసమే కాదు నాన్నా అన్నాను. "అల్లుడి దగ్గర అద్దె తీసుకున్నానని రేపు ఊళ్ళో అనుకుంటారు. నేను తీసుకోను" అన్నారు. టీచరుగారికి ఇల్లు వెతుక్కోవడానికి ఏప్రిల్ దాకా టైమివ్వమని చెప్పాను. వెనకనించి అమ్మ ఫోన్ లాక్కుంది.

"ఆయన తీసుకోకపోతే నేను తీసుకుంటాను. ఒకటో తారీఖునే ఇవ్వమను" అంది.