రెండో బండ

జనగామలో ఆవిడ వంటింటి మూలన నిండు గ్యాస్ బండ ఒకటి ఎప్పుడూ ఉండాల్సిందే. మహబూబాబాద్‌లో కాపురముంటున్న కూతురిది ఒక్క బండే. "బుక్ చేస్తే వస్తుంది కదమ్మా" అనేది. ఓ రాత్రి చుట్టాలొచ్చారు. అన్నం సగం ఉడికేసరికి మంట ఆరిపోయింది. గిన్నె పట్టుకుని పక్కింటికి పరుగు!

దేశం సంగతీ అలాంటిదే. మనం వాడే వంటగ్యాస్‌లో సగానికి పైగా దిగుమతే. అందులో ఎక్కువ భాగం గల్ఫ్ దేశాల నుంచి హర్ముజ్ జలసంధి దాటి రావాలి. దారిలో ఓడలు ఆగితే? విశాఖలో దాదాపు 200 మీటర్ల లోతున కొండరాయి తొలిచి, 60 వేల టన్నులు పట్టే గుహ కట్టారు. 2007లో అది సిద్ధమైంది. రాతి పగుళ్లలోని నీటి ఒత్తిడే గ్యాస్‌ను బయటికి పోనివ్వదు. 14.2 కిలోల బండల లెక్కన 42 లక్షలు! కానీ దేశమంతా వాడితే ఒక్కరోజుక్కూడా చాలదు.

భూపాలపల్లి థర్మల్ కేంద్రంలో పనిచేసే కొడుక్కి ఈ బెంగ తెలుసు. బొగ్గయితే కుప్ప చూసి ఎన్నాళ్లొస్తుందో చెప్పొచ్చు. గ్యాస్ కంటికి కనపడదే!

"నేను చెప్తే విన్నావా బిడ్డా?" అంది తల్లి ఫోన్‌లో. మర్నాడే కూతురు రెండో బండకు దరఖాస్తు పెట్టింది.