మార్చాలా... అలాగే ఉంచాలా?

తొమ్మిది వందల ఏళ్ల నాటి కోట. ఎక్కాలంటే కాళ్లలో సత్తువ ఉండాలి. రోప్‌వే వస్తే తాతయ్యలూ నాయనమ్మలూ కూడా ఎక్కొచ్చు. కానీ ఆ కొండ అప్పుడు ఇప్పటిలాగే ఉంటుందా? భువనగిరి ముందున్న ప్రశ్న ఇది. పాత కారున్న ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక రోజు తలెత్తే ప్రశ్న కూడా ఇదే!

సికింద్రాబాద్‌లో వరంగల్ వైపు వెళ్లే రైలెక్కి కిటికీ పక్కన కూర్చోండి. బీబీనగర్ దాటాక దూరంగా ఓ బండ కనిపిస్తుంది. కోడిగుడ్డును అడ్డంగా పడుకోబెట్టినట్టు నున్నగా, బోడిగా, ఒకే ఒక్క రాయి. రైలు దగ్గరవుతున్నకొద్దీ దాని నెత్తిన గోడలూ బురుజులూ ఒక్కొక్కటిగా బయటపడతాయి. అదే భువనగిరి. ఊళ్లోవాళ్ల నోట బోనగిరి.

హైదరాబాద్‌కు సుమారు 50 కిలోమీటర్ల దూరం. 2016 అక్టోబరు దాకా నల్గొండ జిల్లాలో భాగం. ఆ తర్వాత కొత్తగా ఏర్పడిన యాదాద్రి భువనగిరి జిల్లాకు కేంద్రమైంది. అయినా ఊరికి అసలు గుర్తు కలెక్టరేటూ కాదు, బస్టాండూ కాదు... ఆ బండే. ఊళ్లో ఏ వీధిలో నిలబడ్డా తలెత్తితే కనిపిస్తుంది.

ఒక్క రాయి... ఎందరో రాజులు

దాదాపు 40 ఎకరాల్లో పరుచుకున్న ఈ ఏకశిల చుట్టుపక్కల నేల నుంచి 500 అడుగులకు పైగా లేచి నిలబడింది. దీనిమీద కోట కట్టించింది కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరో విక్రమాదిత్యుడని చెబుతారు. ఆయన 1076 నుంచి యాభై ఏళ్లు రాజ్యమేలాడు. త్రిభువనమల్లుడు ఆయన బిరుదు. ఆ పేరుమీదే కొండ త్రిభువనగిరి అయింది. వాడుకలో ముందున్న ‘త్రి’ రాలిపోయి భువనగిరి మిగిలింది.

ఆ తర్వాత కోట చేతులు మారుతూ వచ్చింది. కాకతీయులు, బహమనీలు, గోల్కొండ నవాబులు... వచ్చినవాళ్లెవరూ ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచలేదు. తమ అవసరం కొద్దీ గోడ పెంచారు, బురుజు కట్టారు, ద్వారం మార్చారు. ఒక ద్వారం దగ్గర నవాబుల నాటి కమాను పోకడ కనిపిస్తే, ఇంకోచోట అంతకు ముందరి రాతి పనితనం పలకరిస్తుంది. ఫిరంగులు వచ్చాక బురుజుల మీద ఫిరంగులు చేరాయి. 1708లో కల్లుగీత కులంలో పుట్టి మొగలులను ఎదిరించిన సర్వాయి పాపన్న ఈ కోట మీద విరుచుకుపడ్డాడు. ఇప్పటికీ ఇక్కడివాళ్లు కోట పేరెత్తితే రాజులతో పాటు పాపన్ననూ తలుచుకుంటారు.

అంటే, ‘కోటను ఒరిజినల్‌గా ఉంచాలి’ అనడం తేలికే. ఎవరి కాలం నాటి ఒరిజినల్ అన్నదే చిక్కు!

అయితే అన్ని చేతులు మారినా ఎవరూ మార్చనిది ఒకటుంది... కొండ. మెట్లు కావాల్సినచోట రాతినే తొలిచారు. గోడలను రాతి వంపును బట్టే తిప్పారు. పైనుంచి జారే వాన నీరు రాతి గుంటల్లో నిలిచేలా చూసుకున్నారు. అందుకే అంత బోడి బండ మీద కూడా సైన్యం బతకగలిగింది. పైకెక్కి చూస్తే ఏది కొండో ఏది కట్టడమో విడదీయడం కష్టం.

ఎవరెస్టుకు తొలిమెట్టు

ఈ కొండకు కొత్త పేరు తెచ్చింది మాత్రం ఇద్దరు పిల్లలు. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా నుంచి వచ్చిన ఆనంద్ కుమార్. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు. వాళ్లు మొట్టమొదట తాడు పట్టుకుని ఎక్కింది భువనగిరి బండనే. ఇక్కడ శిక్షణ, ఆ తర్వాత డార్జిలింగ్, లద్దాఖ్. చివరికి 2014 మే 25న ఎవరెస్టు శిఖరం! అప్పటికి పూర్ణ వయసు 13 ఏళ్ల 11 నెలలు. ఆ శిఖరమెక్కిన అమ్మాయిల్లో అందరికన్నా చిన్నది. అప్పటినుంచీ పర్వతారోహణ నేర్చుకోవాలనుకునే కుర్రకారుకు భువనగిరి ఓ బడి అయిపోయింది. వాళ్లకు కోట కన్నా నున్నటి ఆ రాతి గోడే ముఖ్యం.

కానీ అందరూ పూర్ణలు కాలేరుగా. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, చంటిపిల్లల తల్లులు కింద నీడలో కూర్చుని, పైకెళ్లినవాళ్లు తీసుకొచ్చే ఫొటోల కోసం ఎదురుచూడాల్సిందే. ఇదే ఊళ్లో పుట్టి పెరిగి, రోజూ కొండను చూస్తూ, ఒక్కసారీ పైకి ఎక్కకుండానే పెద్దవాళ్లయిపోయినవారూ ఉంటారు.

ఇలాంటివారికి ఆశ కల్పిస్తోంది రోప్‌వే. కేంద్ర ప్రభుత్వ ‘స్వదేశ్ దర్శన్ 2.0’ పథకం కింద భువనగిరి కోట అభివృద్ధికి 50 కోట్ల రూపాయలకు పైగా మంజూరయ్యాయి. తీగ మీద కొండెక్కించడం ఆ ప్రణాళికలో ముఖ్యమైన భాగం. యాదగిరిగుట్టకు వెళ్తూ దారిలో కోటను కారు అద్దంలోంచే చూసి సాగిపోయే వేలమంది ఇక్కడ ఓ పూట ఆగితే, ఊళ్లో హోటళ్లకూ ఆటోలకూ నాలుగు డబ్బులు వస్తాయి. మరోవైపు, స్తంభాలు నిలబెట్టాలంటే రాతిని తొలవాలి. పైన స్టేషను కట్టాలి. దానికి వెంట మరుగుదొడ్లు, దుకాణాలు... మరి అన్నేళ్లుగా ఎవరూ మార్చని ఆ కొండ సంగతేంటి?

పాత కారు చెప్పే పాఠం

సరిగ్గా ఇలాంటి తకరారే పాత కార్ల యజమానులదీ. తాతగారి అంబాసిడర్ పెరట్లో ఉందనుకోండి. 2014లో దాని తయారీ ఆగిపోయింది. ఇక కొత్తది రాదు. పిల్లలేమో ఏసీ పెట్టిద్దామంటారు, ఇంజిన్ మార్పిద్దామంటారు. పెద్దాయనేమో బంపర్ మీద గీత కూడా చెరపనివ్వడు. ఒకరిది సౌకర్యం, మరొకరిది జ్ఞాపకం. రెండూ తప్పని అనలేం.

చట్టం కొంతవరకూ పెద్దాయన వైపే ఉంది. తయారీదారు ఇచ్చిన మౌలిక స్వరూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడం కుదరదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన సొంత వాహనాలకు ‘వింటేజ్’ గుర్తింపు ఇస్తారు. ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేకమైన నంబరు ప్లేటు ఉంటుంది. షరతు ఒక్కటే... ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో చెప్పుకోదగ్గ మార్పులేవీ జరిగి ఉండకూడదు.

అలాగని అసలు ముట్టుకోకూడదని కాదు. చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న పసుపు రంగు రోల్స్‌రాయిస్‌నే చూడండి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ముచ్చటపడి తెప్పించుకోబోయిన కారు అది. వెనక సీటే ఓ సింహాసనం. అది చేతికి అందకముందే 1911లో ఆయన కన్నుమూశారు. కారు వారసుడికి చేరినా, తిరిగింది మొత్తం 356 మైళ్లే! దశాబ్దాలు మూలనపడి ఉన్న ఆ కారును తర్వాత నిపుణులు బాగుచేశారు కాబట్టే ఈరోజు మనం చూడగలుగుతున్నాం. ముట్టుకోకుండా వదిలేస్తే తుప్పు మిగిలేది.

బాగుచేయడానికీ మార్చేయడానికీ తేడా ఎక్కడ? పాత కార్లతో పనిచేసేవాళ్లు పాటించే పద్ధతి ఒకటుంది. బోల్టు విప్పితే పోయే మార్పు చేసుకోవచ్చు. రేకు కోస్తేగానీ కుదరని మార్పు జోలికి వెళ్లకూడదు. తీసిన పాత భాగాన్ని పారేయకుండా దాచిపెట్టాలి. రేపు మనవడు మళ్లీ పాతగా చూసుకోవాలనుకుంటే దారి మూసుకుపోకూడదు.

పక్కనే రెండు జవాబులు

ఈ పద్ధతిని కారు నుంచి రాతికి అన్వయిస్తే ఎలా ఉంటుందో చూడటానికి ఎక్కువ దూరం వెళ్లక్కర్లేదు. భువనగిరికి 15 కిలోమీటర్ల లోపే యాదగిరిగుట్ట. 2016లో మొదలైన పునర్నిర్మాణంలో ప్రాకారాలు, మండపాలు, గోపురాలు కృష్ణశిలతో కొత్తగా లేచాయి. పాత గుట్టను ఎరిగినవాళ్లు ఇప్పుడు వెళ్తే దారి తప్పుతారు! కానీ స్వామి వెలసిన గుహను మాత్రం ముట్టుకోలేదు. పనులు జరిగినన్నాళ్లూ భక్తులకు బాలాలయంలో దర్శనం కల్పించి, 2022 మార్చి 28న ప్రధానాలయం తలుపులు తెరిచారు. చుట్టూ అంతా కొత్త... నడుమ ఆ పాత గుహే.

ఆలేరు దాటి లోపలికి వెళ్తే కొలనుపాక జైన మందిరం. అక్కడి మహావీరుడి పచ్చరాతి విగ్రహం ఎన్నో వందల ఏళ్లది. శిథిలమైన మందిరాన్ని రాజస్థాన్, గుజరాత్ శిల్పులు తిరిగి నిలబెట్టారు. గోడ కొత్తది, మూర్తి పాతది. పాత గోడల గుర్తులు పోయాయని చరిత్ర ఇష్టపడేవాళ్లు నొచ్చుకోవచ్చు. పూజ ఆగలేదని భక్తులు సంతోషిస్తారు.

రెండుచోట్లా ముందుగా తేల్చుకున్నది ఒక్కటే... దేన్ని ముట్టుకోకూడదు?

భువనగిరికీ ఆ ప్రశ్నే వేయాలి. ఇక్కడ గర్భగుడి లాంటిది ఆ బండే. కింద వాహనాలు నిలిపే చోటు, మరుగుదొడ్లు, కోట కథ చెప్పే ప్రదర్శనశాల ఎంత బాగా కట్టినా కొండకు వచ్చే నష్టం లేదు. అవి నచ్చకపోతే రేపు తీసేయొచ్చు. రోప్‌వే స్తంభాలు ఎక్కడ నాటాలి, ఎన్ని నాటాలి, పైన స్టేషను కోట గోడలకు ఎంత దూరంగా ఉండాలి, పిల్లలు తాడుతో ఎక్కే వాలును వదిలేశారా లేదా అన్నవి మాత్రం ఒకటికి పదిసార్లు ఆలోచించాల్సిన సంగతులు. కొండెక్కాలన్న అవ్వ కోరిక న్యాయమైనదే. తీగ తుప్పుపడితే కొత్తది వేయొచ్చు. రాతికి పడిన చిల్లును మాత్రం పూడ్చలేం.

వెళ్లాలనుకునేవారికి: హైదరాబాద్ ఉప్పల్ నుంచి భువనగిరికి ఆర్టీసీ బస్సులున్నాయి. సికింద్రాబాద్-కాజీపేట మార్గంలో రైల్వే స్టేషనూ ఉంది. ఎండ ముదిరితే బండ కాలిపోతుంది, కాబట్టి పొద్దున్నే ఎక్కడం మేలు. వాన పడినప్పుడు రాయి జారుతుంది. మంచినీళ్లు వెంట ఉంచుకోండి. మధ్యాహ్నానికి దిగి యాదగిరిగుట్ట, కొలనుపాక కూడా చూసుకుంటే ఒక్క ఆదివారంలో మూడూ పూర్తవుతాయి. ఏది మారిందో, ఏది మారలేదో పిల్లలనే కనిపెట్టమనండి. పెద్దవాళ్లకన్నా వాళ్లే ముందు చెబుతారు.