పని బొమ్మ, అసలు బొమ్మ

కమలాపురంలో డిగ్రీ ముగించిన మా అక్క కొడుక్కి సినిమా గ్రాఫిక్స్ మీద మనసు పడింది. నేను వాంకూవర్‌లో కంపోజిటింగ్ పని చేస్తాను కాబట్టి వారాంతాల్లో వీడియో కాల్ పెట్టి నేర్పిస్తున్నాను. మాకు రాత్రి, వాళ్లకు పొద్దున. మొన్న అడిగాడు: "మామా, ఫోర్‌కే ఫుటేజ్ ఎయ్యంగానే నా ల్యాప్‌టాప్ నిలబడిపోతాంది. అప్పు చేసైనా కొత్తది కొనాల్నా?" వద్దన్నాను. ముందు ఫైళ్లను సంబాళించడం నేర్చుకోరా, మిషన్ సంగతి తర్వాత చూద్దామన్నాను. సీమ ఊళ్ల నుంచి ఈ పనిలోకి రావాలనుకునే పిల్లలందరికీ నేను చెప్పేది ఇదే.

గ్రీన్ మ్యాట్ (పచ్చటి తెర) ముందు తీసిన నటుడు, కంప్యూటర్‌లో కట్టిన కోట, పొగ, దుమ్ము, ఆకాశం వేరువేరుగా మా దగ్గరికి వస్తాయి. వాటన్నిటినీ ఒకే కెమెరా ఒకే పూట తీసినట్టు కలపడమే కంపోజిటింగ్. ఇక్కడ ఒక్కో పొర ఒక్కో వీడియో ఫైలుగా ఉండదు. ఫ్రేముకొక ఫైలు చొప్పున, ఎక్కువగా ఓపెన్ ఈఎక్స్ఆర్ పద్ధతిలో ఉంటుంది. ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ సంస్థ తన సినిమాల కోసం తయారు చేసుకుని, 2003లో అందరికీ ఉచితంగా ఇచ్చిన పద్ధతి అది.

ఒక్కసారి లెక్క వేద్దాం. ఫోర్‌కే, అంటే 4096 బై 2160 ఫ్రేములో 88 లక్షల పైచిలుకు పిక్సెళ్లు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికి 2 బైట్లు. కుదించకుండా ఉంచితే ఫ్రేముకు 53 ఎంబీ. సెకనుకు 24 ఫ్రేములంటే 1.27 జీబీ. మామూలు గిగాబిట్ నెట్‌వర్క్ ఎంత లాగినా సెకనుకు 125 ఎంబీ దాటదు. ఇదంతా ఒక్క పొర సంగతి, షాట్‌లో పొరలు పదులకొద్దీ ఉంటాయి. ఫైళ్లను కుదించడం వల్ల భారం కొంత తగ్గుతుంది గానీ తీరదు. కోట్ల రూపాయల సర్వర్లున్న స్టూడియోల్లోనూ ఈ ఇబ్బంది తప్పదు. ల్యాప్‌టాప్ మొరాయించిందని పిల్లలు చిన్నబుచ్చుకోనక్కర్లేదు.

దీనికి దారులు రెండు. మొదటిది ప్రాక్సీ. ప్రతి ఫ్రేము ఎత్తునూ వెడల్పునూ సగానికి తగ్గించి ఇంకో ప్రతి చేసుకుంటాం. కొలతలు సగమైతే బరువు నాలుగో వంతుకు, అంటే 13 ఎంబీకి దిగుతుంది. రెండోది లోకల్ ప్రతి. సర్వర్‌లో ఉన్న అసలు ఫైలునే మన మిషన్‌లోని ఎస్ఎస్‌డీలోకి తెచ్చుకోవడం. ఎండాకాలంలో పాపాఘ్ని ఇసుకలో చెలమ తీసి నీళ్లు మోసుకున్న ఇళ్లవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. దప్పికైన ప్రతిసారీ ఏటికి పోలేం, కడవ నింపి ఇంట్లో పెట్టుకుంటాం.

మేం వాడే న్యూక్ సాఫ్ట్‌వేర్ 1993లో డిజిటల్ డొమైన్ స్టూడియోలో పుట్టింది. 2007 నుంచి లండన్‌లోని ఫౌండ్రీ సంస్థ చేతిలో పెరుగుతోంది. అందులో బొమ్మను చదివే రీడ్ నోడ్‌లో రెండు గడులుంటాయి, ఒకటి అసలు ఫైలుకు, ఒకటి ప్రాక్సీకి. మీట నొక్కితే అదీ ఇదీ మారతాయి. ఫ్రేము నంబర్లు రెండింటిలోనూ అచ్చంగా ఒకటే ఉండాలి. అసలుది 1001తో మొదలై ప్రాక్సీ 1తో మొదలైతే చేసిన పనంతా తారుమారు. అందుకే పేరు మార్చకుండా ఫోల్డర్ మాత్రమే మార్చమంటాను.

ప్రాక్సీలో ఏం చెయ్యొచ్చు, ఏం చెయ్యకూడదన్నదే అసలు విద్య. పొరల వరస, రంగుల పొందిక, కదలికల వేగం హాయిగా చూసుకోవచ్చు. అంచులు మాత్రం చూడకూడదు. మావాడికి స్క్రీన్ మీదే చూపించాను. గ్రీన్ మ్యాట్ ముందు నటి, చెంప మీదికి గాలికి ఎగిరిన ఒంటి వెంట్రుక. అసలు బొమ్మలో దాని మందం ఒక పిక్సెల్. ప్రాక్సీలో ఆ పిక్సెల్ పక్కవాటితో కలిసిపోయి వెంట్రుక జాడే లేదు. మీట తిప్పగానే వెంట్రుక కనబడింది, దాని చుట్టూ మిగిలిపోయిన పచ్చటి జీర కూడా బయటపడింది. పెద్ద తెర మీద ప్రేక్షకుడి కన్ను ముందు పడేది ఆ జీర మీదే. ట్రాకింగ్ (కదలికను వెంబడించి కొలవడం), గ్రెయిన్ (బొమ్మలోని సన్నటి రవ్వ) కలపడం, అంచుల పని ఎప్పుడూ అసలు బొమ్మ మీదే చెయ్యాలి.

లోకల్ ప్రతికి ఉన్న గండం వేరు. అవతల సర్వర్‌లో అదే పేరు మీద కొత్త రెండర్ (కంప్యూటర్ లెక్కగట్టి తీసిన బొమ్మ) వచ్చి కూర్చున్నా, ఇవతల మన దగ్గర పాతదే ఆడుతుంటుంది. ఒక స్టూడియోలో సాయంత్రం సమీక్షలో పొగ బాగాలేదని పెద్ద చర్చే నడిచింది. తీరా చూస్తే ఆ పొగను మధ్యాహ్నమే సరిదిద్దారు, సమీక్ష చేస్తున్న మిషన్‌లో పాత ప్రతి ఉంది. పదిమంది కష్టం, ఒక పూట కాలం వృథా. అందుకే పైకి పంపేముందు లోకల్ ప్రతులు తాజావేనా అని చూసుకోవడం మాకు నియమం. ఇంకో మాట. ఫైళ్లను చేత్తో సి డ్రైవ్‌లోకి కాపీ చేసి ఆ దారే న్యూక్ స్క్రిప్టులో, అంటే మన పనిని దాచుకునే ఫైలులో, రాస్తే, రెండర్ చేసే మిగతా కంప్యూటర్లకు ఆ ఫైలు కనబడదు. న్యూక్ చేత చేయిస్తే స్క్రిప్టులో సర్వర్ దారి అలాగే ఉంటుంది.

ఇదంతా కొత్త విద్యనుకోవద్దు. రీళ్ల కాలంలో ఎడిటర్ నెగటివ్‌ను తాకేవాడు కాదు. పాజిటివ్ ప్రింటు మీద కోతలన్నీ కోసి, అంచున ఉన్న నంబర్లను బట్టి చివర్లో నెగటివ్ కత్తిరించేవారు. విజయా వారి మాయాబజార్ 1957లో ఈ క్రమశిక్షణతోనే తయారైంది. ఆ సంస్థను చక్రపాణితో కలిసి నడిపిన బి.నాగిరెడ్డి మన కడప జిల్లావారు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ చేసిన మాయలకు ఈనాటికీ నేను దణ్ణం పెడతాను. 2012లో వచ్చిన ఈగ, 2015లో వచ్చిన బాహుబలి ఆ వరసలోవే. బాహుబలి షాట్లను ఎన్నో స్టూడియోలు పంచుకుని చేశాయి. ఎవరి దగ్గర ఏ ప్రతి ఉందన్న లెక్క తప్పితే అలాంటి సినిమా పూర్తికాదు.

నేర్చుకోవడానికి డబ్బు అడ్డం కాదు. వ్యాపారానికి కాకుండా వాడుకునే న్యూక్ ఉచితం, 1920 బై 1080 వరకు బొమ్మ ఇస్తుంది. బ్లెండర్ ఫౌండేషన్ వారు 2012లో తీసిన టియర్స్ ఆఫ్ స్టీల్ లఘుచిత్రానికి సంబంధించిన గ్రీన్ మ్యాట్ ఫుటేజ్‌ను ఈఎక్స్ఆర్ ఫైళ్లుగా అందరికీ ఇచ్చేశారు. ఒక్క షాట్ దింపుకుని, ప్రాక్సీ చేసి, దాని మీద పని చేసి, చివరికి అసలు బొమ్మ మీద సరిచూసుకుంటే చాలు, సగం పని వచ్చినట్టే. కడపలో ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ కూడా ఉంది. ఇలాంటి చోట్ల కంపోజిటింగ్ నేర్పితే మొదటి నెలలోనే ఈ పాఠం పెట్టాలని నా కోరిక. ఉద్యోగానికి వచ్చినవాళ్ల షో రీల్ ఎంత బాగున్నా, వాళ్ల ఫోల్డర్ తెరిచి చూశాకే వాంకూవర్‌లో మేం నమ్ముతాం.