ఎవరికి చెప్పాను, ఎవరికి చెప్పలేదు

పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని మనిషి అదేపనిగా ముక్కు ఎగబీలుస్తుంటాడు. ఎదురుగా ఉన్నాయన కాలు ఊపుతుంటే బల్లంతా కదులుతుంటుంది. ఇంకొకాయన గోళ్లు కొరుకుతాడు, వేళ్లు విరుస్తాడు, తింటున్నంతసేపూ చప్పుడు చేస్తాడు. చెప్పాలా, ఊరుకోవాలా? చాలాకాలం నా దగ్గర దీనికి ఒకటే జవాబు ఉండేది. చెప్పాలి, ముఖం మీదే చెప్పాలి. అలా చెప్పడం ధైర్యమనీ, ఊరుకోవడం పిరికితనమనీ నమ్మాను. ఆ నమ్మకంతో ఒక కుర్రాడికి అన్యాయం చేశాను. అది అన్యాయమని తొందరగానే తెలిసింది. ఎందుకు చేశానో ఒప్పుకోవడానికే చాలా ఏళ్లు పట్టింది.

ఆ నమ్మకం నాకు క్యాంపస్‌లో అబ్బింది. ఉస్మానియాలో పరిశోధక విద్యార్థిగా ఉన్న రోజులవి. 1918లో మొదలైన ఆ విశ్వవిద్యాలయంలో నిలదీయడం ఒక సంప్రదాయం. 1969లో ప్రత్యేక తెలంగాణ కోసం అక్కడి విద్యార్థులు ప్రభుత్వానికి ఎదురు నిలిచారు. 2009లో మళ్లీ నిలిచారు. ఆర్ట్స్ కాలేజీ మెట్ల ముందు జరిగిన సభల్లో నేనూ గొంతు కలిపాను. ఎవరినైనా సరే ఎదురుగా నిలబడి అడగాలన్నది అక్కడ నేర్చుకున్నాననుకున్నాను. నిజానికి సగమే నేర్చుకున్నాను. వాళ్లు నిలదీసింది తమకంటే బలమైనవాళ్లను. ఆ సంగతి నా తలకెక్కలేదు.

రాష్ట్రం వచ్చాక క్యాంపస్‌లోని రీడింగ్ రూముల్లో కుర్చీ దొరకడమే కష్టమైంది. పాలమూరు నుంచీ, నల్లగొండ నుంచీ, ఆదిలాబాద్ నుంచీ వచ్చిన పిల్లలు గ్రూప్స్ నోటిఫికేషన్ల కోసం ఏళ్ల తరబడి చదివేవారు. వాళ్లలో చాలామంది ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లు. పొద్దున తలుపులు తెరిచేసరికే బయట వరస కట్టేవారు. బ్యాగు పెట్టో, పుస్తకం పెట్టో సీటు ఆపుకునేవారు. మధ్యాహ్నం ఐదు రూపాయల భోజనం తినేసి పరుగున తిరిగొచ్చేవారు. ఆ కుర్చీ విలువ వాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

అలాంటి ఒక గదిలో నా ఎదుటి బల్ల దగ్గర ఒక కుర్రాడు కూర్చునేవాడు. నిమిషానికోసారి గొంతు సవరించుకునేవాడు. ఆ వెంటనే ముక్కు ఎగబీల్చేవాడు. మళ్లీ గొంతు. నేను థీసిస్ అధ్యాయం రాసుకుంటున్నాను. రెండు వాక్యాలు రాయగానే ఆ శబ్దం. కాసేపటికి శబ్దం వినడం మానేసి, అది ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడటం మొదలుపెట్టాను. నా పని ఆగిపోయింది. ఒకరోజు లేచి నిలబడి బల్ల ఇవతలి నుంచే అన్నాను: “ఏం తమ్ముడూ, గొంతు బాగలేకపోతే రూమ్‌లో పడుకోవచ్చు కదా! ఇంతమంది చదువుకునేచోట ఈ గోలేంటి?”

గదిలో తలలన్నీ లేచాయి. ఎవరో నవ్వారు. “సారీ అన్నా” అని ఆ కుర్రాడు పుస్తకాలు సర్దుకున్నాడు. మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ఆ కుర్చీలో వేరొకరు కూర్చున్నారు. నా అధ్యాయం పూర్తయింది. నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో నాకు బాధేమీ కలగలేదు. పని జరిగిందనిపించింది.

కొన్నాళ్లకు తార్నాకలో ఒక టీ కొట్టు దగ్గర అతను కనిపించాడు. నన్ను చూసి పక్కకు జరిగాడు. ఆ జరగడం నాకు తగిలింది. దగ్గరికెళ్లి, మళ్లీ రావడం లేదేమని అడిగాను. అతను కోపగించుకోలేదు. “చిన్నప్పటి సంది ఉందన్నా. ఆపుకుంటే ఇంకా ఎక్కువైతది. మీరన్నంక ఆ రూంల కూసుంటే అదే యాదికొస్తది, ఇంకింత వస్తది” అన్నాడు. ఇంట్లో దానికోసం కొట్టారట. ఊళ్లో తాయెత్తు కట్టించారట. పట్నంలో ఒక డాక్టరు చూసి, ఇది అలవాటు కాదు, టిక్ అని చెప్పారట.

టిక్ అంటే ఏమిటో ఆ తర్వాత చదివి తెలుసుకున్నాను. కనురెప్పలు ఆడించడం, భుజం ఎగరేయడం, గొంతు సవరించుకోవడం, ముక్కు ఎగబీల్చడం దానిలో మామూలుగా కనిపించే రూపాలు. ఫ్రెంచి వైద్యుడు జార్జ్ జిల్ ద లా టూరెట్ 1885లోనే ఇలాంటి రోగులను వర్ణించాడు. చాలామందిలో ఈ కదలికలకు ముందు శరీరంలో ఒక ఒత్తిడి పెరుగుతుంది. తుమ్మును ఆపుకున్నట్టు కొద్దిసేపు ఆపుకోవచ్చు. ఆపుతున్నకొద్దీ ఒత్తిడి పెరిగి బయటపడక తప్పదు. ఆందోళనలో ఎక్కువవుతుంది. ఎవరైనా ఎత్తిచూపితే ఇంకా ఎక్కువవుతుంది. అంటే నేను ఆపమని అరవడమే దాన్ని పెంచే పని. తగ్గించుకోవడానికి శిక్షణలున్నాయి, మందులున్నాయి. వాటిలో నలుగురి ముందు తిట్టడం లేదు.

అతనికి క్షమాపణ చెప్పాను. “ఏం కాదన్నా” అన్నాడు. తిరిగి రమ్మన్నాను. “లేదన్నా, బయటనే మంచిగుంది” అన్నాడు. అప్పటికే చెట్ల కింద, మెట్ల మీద చదువుకోవడం అలవాటు చేసుకున్నాడు. నా క్షమాపణ నాకు ఊరటనిచ్చింది. అతని కుర్చీని అతనికి తిరిగి ఇవ్వలేకపోయింది.

ఈ కథ ఇక్కడ ఆపితే, ‘పాపం, జబ్బు మనిషిని తిట్టాను’ అన్నంత మాత్రమే మిగులుతుంది. నేను కూడా చాలాకాలం అక్కడే ఆగాను. కానీ అతనికి టిక్ లేదనుకుందాం, మామూలు పడిశమే అనుకుందాం. అప్పుడు నేను చేసింది సబబయ్యేదా? డాక్టరు చీటీ చూపిస్తే తప్ప మనిషికి మర్యాద దక్కకూడదా? దుమ్ము పట్టిన పుస్తకాల మధ్య, ఫ్యాన్ల కింద, హాస్టల్ తిండితో రోజంతా కూర్చునేవాడి ముక్కు కారడం వింత కాదు. ఉబ్బసం ఉన్నవాళ్లు దగ్గుతారు. బీపీకి ఇచ్చే కొన్ని మాత్రలు పొడిదగ్గు తెస్తాయి. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లలో చాలామందికి చేయి ఊరికే ఉన్నప్పుడే వణుకుతుంది. ఏదీ లేనివాళ్లు కూడా కాళ్లు ఊపుతారు. ఎవరి శరీరమూ పూర్తిగా వాళ్ల మాట వినదు.

నా మాట కూడా నా శరీరం వినలేదని తర్వాత తెలిసింది. కొందరికి నమలడం, ఎగబీల్చడం, గొంతు సవరించడం లాంటి శబ్దాలు వినగానే కోపం, కంగారు పుడతాయి. అమెరికాలో మార్గరెట్, పావెల్ జాస్ట్రెబాఫ్‌లు 2001లో దీనికి మిసోఫోనియా అని పేరు పెట్టారు. 2017లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఇలాంటివాళ్ల మెదడులో ఇన్సులా అనే భాగం ఆ శబ్దాలకు మిగతావాళ్ల కంటే ఎక్కువగా స్పందిస్తోందని చూపించారు. నాకు ఆ సమస్య ఉందని ఎవరూ నిర్ధారించలేదు. కానీ అది చదివినప్పుడు ఒకటి అర్థమైంది. అతని శబ్దం అతను కోరుకున్నది కాదు, నా చిరాకూ నేను కోరుకున్నది కాదు. అక్కడిదాకా ఇద్దరమూ సమానమే. ఆ చిరాకును ఎవరి మీద పెట్టాలన్నది మాత్రం నేను ఎంచుకున్నాను.

ఇక ఒప్పుకోవడానికి ఏళ్లు పట్టిన సంగతి. అదే రీడింగ్ రూమ్‌కు ఒక పెద్దాయన వచ్చేవారు. బాగా చదువుకున్నవారు, నలుగురిలో పేరున్నవారు. ఆయనా గట్టిగా గొంతు సవరించుకునేవారు. చదువుతున్నది పైకి గొణుక్కునేవారు. ఆయనకు నేనెప్పుడూ ఏమీ చెప్పలేదు. “నమస్తే సార్” అని, వేరే బల్ల వెతుక్కునేవాణ్ని. ఆయన దగ్గర నాకు సర్దుకోవడం వచ్చింది. హవాయి చెప్పులేసుకుని, జిరాక్సు నోట్సు పట్టుకుని, నన్ను అన్నా అని పిలిచే కుర్రాడి దగ్గరికొచ్చేసరికి రాలేదు. శబ్దం ఒకటే, మనుషులు వేరు. తిరిగి ఒక్క మాట అనడని తెలిసే అతన్ని అన్నాను. దానికి ధైర్యమని పేరు పెట్టుకున్నాను.

చెప్పాల్సినచోట చెప్పకపోవడం కూడా నాకు తెలుసు. మెట్రో ఇంకా రాని రోజులు. తార్నాక నుంచి ఉప్పల్ వైపు వెళ్లే సిటీ బస్సులో, ఇస్త్రీ బట్టలేసుకున్న ఒక భారీ మనిషి గుట్కా నములుతూ కిటికీలోంచి ఉమ్మాడు. పక్కనే స్కూటరు మీద వెళ్తున్నామె చీర మీద పడింది. అతని వెనక సీటులోనే ఉన్నాను. చూశాను. నోరు మెదపలేదు. అతను మళ్లీ కిటికీ వైపు వంగబోతుంటే, అవతలి వరసలో ఖాళీ గంప ఒళ్లో పెట్టుకున్న ఒక పెద్దావిడ అతనికి మాత్రమే వినపడేంత గొంతుతో అంది: “అన్నా, కింద మనుషులు పోతుండ్రు. జర ఆగు, దిగినంక ఉమ్ముదువుగని.”

అతను ఆమె వైపు చూశాడు. ఏమీ అనలేదు. దిగేదాకా మళ్లీ ఉమ్మలేదు. నేను క్యాంపస్‌లో ఏళ్ల తరబడి ఉండి నేర్చుకోనిది ఆమె రెండు ముక్కల్లో చేసి చూపించింది. అతన్ని అవమానించలేదు. కోపంతో మొదలుపెట్టలేదు, వరస కలిపి మొదలుపెట్టింది. ఎవరికి నష్టం జరుగుతోందో చెప్పింది. ఏం చేయొచ్చో కూడా చెప్పింది. అన్నిటికంటే ముఖ్యం, తనకంటే అన్నిటా బలంగా కనిపిస్తున్న మనిషికి చెప్పింది.

ఆ తర్వాత 2020 మార్చిలో హైదరాబాద్‌లో తొలి కరోనా కేసు బయటపడ్డప్పుడు, ఊరంతా ఒకరి దగ్గును ఒకరు లెక్కపెట్టడం చూశాను. ఆ జబ్బు విమానాల్లో వచ్చింది. చాలా అపార్ట్‌మెంట్లు గేటు దగ్గర ఆపింది ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లను. భయం నిజమైనదే. కానీ ఆ భయం కూడా మనుషులను చూసుకునే నోరు తెరిచింది. రీడింగ్ రూమ్‌లో నేను చేసింది అప్పుడు ఊరంతా చేస్తుంటే నా తప్పు నాకు స్పష్టంగా కనిపించింది.

ఇప్పుడు తార్నాకలోనే ఉంటున్నాను. బస్సుల్లో, మెట్రోలో, లైబ్రరీల్లో అవే శబ్దాలు. ఇప్పటికీ చిరాకొస్తుంది. కానీ నోరు తెరిచేముందు రెండు ప్రశ్నలు వేసుకుంటాను. దీనివల్ల ఎవరికైనా హాని ఉందా, లేక నాకు విసుగు మాత్రమేనా? విసుగు మాత్రమే అయితే లేచి వేరేచోట కూర్చుంటాను. చోటు లేకపోతే చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటాను. హాని ఉంటే రెండో ప్రశ్న: ఈ పనే నా పై అధికారి చేస్తుంటే చెబుతానా? చెప్పననిపిస్తే, ఈ మనిషికి చెప్పడానికి నన్ను తోస్తున్నదేమిటో ముందు చూసుకుంటాను. అయినా చెప్పాల్సిందే అయితే ఆయనకు చెప్పేంత మర్యాదతోనే చెబుతాను.

ఊరుకోకూడని సంగతులు ఉన్నాయి. బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడాన్ని నిషేధించే నిబంధనలు 2008 అక్టోబరు 2 నుంచి దేశమంతా అమల్లో ఉన్నాయి. కరోనా కాలంలో మన రాష్ట్రం రోడ్ల మీద ఉమ్మడాన్ని కూడా నిషేధించింది. ఇవి ఒకరి అలవాటు ఇంకొకరి ఊపిరిలోకి, ఒంటి మీదికి వచ్చే పనులు. వీటికి చెప్పాలి. వినకపోతే కండక్టరుకో, స్టేషన్ సిబ్బందికో చెప్పాలి. రోజూ కనిపించే మనిషి రెండు వారాలు దాటి దగ్గుతుంటే కూడా చెప్పాలి. అది తప్పు పట్టడం కాదు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో కఫం పరీక్ష ఉచితం, టీబీ మందులూ ఉచితం. ఆ మాట పక్కకు పిలిచి, అతని మేలు కోరి చెప్పాలి. దగ్గితే దూరం జరిగి కూర్చునే లోకంలో ఆ ఒక్క మాట ప్రాణం నిలపవచ్చు.

ఎలా చెప్పాలన్నది ఆ పెద్దావిడే నేర్పింది. ఒక్కసారే, మెల్లగా, అతనికి మాత్రమే వినపడేలా. ‘నీకు బుద్ధి లేదా’ అని కాకుండా ‘ఇక్కడ ఇబ్బందవుతోంది, కాస్త చూడండి’ అని. వింటే సరే. వినకపోతే, అది ఆపలేనిదేమో అన్న అనుమానం మిగుల్చుకుని మన దారి మనం చూసుకోవాలి. నలుగురి ముందు గట్టిగా అన్న మాటతో అలవాటు మారదు, మనిషి వెళ్లిపోతాడు. మన లైబ్రరీల్లో, బస్సుల్లో, పరీక్ష హాళ్లలో కష్టపడి చోటు సంపాదించుకున్నవాళ్లే ముందుగా వెళ్లిపోతారు.

ఇది చదువుతున్నవాళ్లకు నా మనవి ఒక్కటే. ఈసారి పక్కవాడి అలవాటు మీద మాట పెదవి దాకా వస్తే, మీరు ఇంతవరకూ ఎవరెవరికి చెప్పారో, ఎవరెవరికి చెప్పకుండా వదిలేశారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. మీరు చెప్పినవాళ్లంతా మీకంటే చిన్నవాళ్లూ, పేదవాళ్లూ, తిరిగి మాట్లాడలేనివాళ్లే అయితే, మార్చుకోవాల్సిన అలవాటు ముందుగా మనది.